ఇంగ్లండ్‌లో కౌన్సిల్ కేర్ అసెస్‌మెంట్: ఫిబ్రవరిలో ఫోన్ చేస్తే నవంబరుకి మనిషి దొరికింది

నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉంది, ఇక్కడ అందరూ ఎంఎస్ అంటారు. పన్నెండేళ్ళ నుంచీ ఉన్నదే గానీ గత రెండేళ్ళలో కాళ్ళు బాగా దెబ్బతిన్నాయి, కుడి చెయ్యి కూడా ఒక్కోరోజు మాట వినదు. ఇంగ్లండ్‌లో మిడ్‌లాండ్స్ వైపు ఒక మామూలు ఊళ్ళో ఉంటున్నాను. మా ఆయన 2019లో పోయారు. అప్పటి నుంచి నేనూ మా అమ్మాయీ ఇద్దరమే. 2025లో కౌన్సిల్ (ఊరి పాలక సంస్థ) వాళ్ళ చేత కేర్ అసెస్‌మెంట్ చేయించుకున్నాను. నేను నా ఇంట్లోనే, నా పద్ధతిలో బతకడానికి ఏ సాయం కావాలో వాళ్ళు వచ్చి చూసి తేల్చడం అన్నమాట. దీని మీద తెలుగులో ఎవరైనా రాశారేమోనని వెతికితే వీసాల గురించీ, ఇళ్ళ లోన్ల గురించీ బోలెడు దొరికాయి, ఇది మాత్రం దొరకలేదు. అందుకే తేదీలతో సహా రాస్తున్నాను. ఇదంతా ఇంగ్లండ్ సంగతి, స్కాట్లండ్, వేల్స్‌లో చట్టాలు వేరు, డబ్బు లెక్కలూ వేరు.

ఫోన్ చేయడానికి కారణం మా చిన్ని. దానికి పద్దెనిమిదేళ్ళు, సెప్టెంబరులో యూనివర్సిటీకి వెళ్ళాలి. జనవరిలో దాని అప్లికేషన్ టేబుల్ మీద తెరిచి ఉంటే చూశాను, ఐదు చోట్లు పెట్టుకోవచ్చు కదా, ఐదూ మా ఇంటి నుంచి బస్సులో పొద్దున వెళ్ళి సాయంత్రం రాగలిగేవే. దానికి చిన్నప్పటి నుంచీ సముద్రమంటే పిచ్చి, న్యూకాసిల్‌లో మెరైన్ బయాలజీ చదవాలని ఎన్నోసార్లు చెప్పింది. "ఇదేంటే" అంటే "నువ్వు టబ్బులోంచి ఎలా లేస్తావు మరి?" అంది. కోపంగా కాదు, మామూలుగా, లెక్క చెప్పినట్టు చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున నన్ను స్నానానికి దించడం, లేపడం, మేజోళ్ళు తొడగడం, అన్నం గిన్నె దించడం, బట్టలు మెట్ల కిందికి మోయడం, రాత్రి నేను బాత్రూముకి లేస్తే చప్పుడు విని తనూ లేవడం, ఇవన్నీ ఆరేళ్ళుగా చేస్తోంది. మన ఇళ్ళలో అమ్మకి కూతురు చేస్తుంది, దాన్ని ఎవరూ ఒక పని కింద లెక్కపెట్టరు. అప్లికేషన్‌కి ఆఖరు తేదీ జనవరి 29, దానికి ముందే న్యూకాసిల్ పెట్టించాను. పెట్టించాను గానీ సెప్టెంబరు నుంచి నా సంగతేంటో నాకూ తెలియదు.

తెనాలిలో మా అమ్మ ఒకటే మాట. "ఇక్కడికొచ్చెయ్యమ్మా, మనిషిని పెట్టుకుందాం, నేనున్నాగా." అమ్మకి 74 ఏళ్ళు. నా వైద్యం ఇక్కడ, వారానికి మూడు రోజులు ఇంటి నుంచి చేసుకునే అకౌంట్స్ ఉద్యోగం ఇక్కడ, మా ఆయన కట్టిన ఇల్లు ఇక్కడ. అన్నిటికంటే, నాకు ఇక్కడే ఉండాలని ఉంది. అది కూడా ఒక కారణమేనని చెప్పడానికి నాకు చాలా ధైర్యం కావలసి వచ్చింది.

ఫిబ్రవరి 17, సోమవారం, కౌన్సిల్‌లో అడల్ట్ సోషల్ కేర్ నంబరుకి ఫోన్ చేశాను. చాలాసేపు పాట వినిపించాక ఒకావిడ ఎత్తింది. మర్యాదగానే మాట్లాడింది గానీ ముందు మమ్మల్ని వేరే దారుల్లోకి పంపడానికే చూసింది: ఒక ఛారిటీ నంబరు ఇస్తాను, పక్కింటివాళ్ళు ఎవరైనా ఉన్నారా, అమ్మాయి ఉంది కదా. ఎంఎస్ నర్సు నాకు ముందే చెప్పి ఉంచింది, అడగాల్సిన మాట సూటిగా అడగమని. "కేర్ యాక్ట్ 2014 సెక్షన్ 9 కింద నీడ్స్ అసెస్‌మెంట్ కావాలి, ఈ ఫోన్‌ని నా రిక్వెస్టుగా రాసుకోండి" అన్నాను. ఆ మాటతో అవతల గొంతు మారింది, ఫారం తెరిచింది. సాయం అవసరం ఉన్నట్టు కనిపిస్తే చాలు, మన దగ్గర డబ్బున్నా లేకపోయినా, ఇంట్లో చూసేవాళ్ళున్నా లేకపోయినా, వాళ్ళు అసెస్‌మెంట్ చేయాల్సిందే. కాకపోతే ఎన్ని రోజుల్లో చేయాలో చట్టంలో గడువేమీ లేదు. అదే అసలు బాధ. వారం తర్వాత "మీరు వెయిటింగ్ లిస్టులో ఉన్నారు, పరిస్థితి మారితే చెప్పండి" అని ఉత్తరం వచ్చింది. మార్చిలో బాత్రూములో పడ్డాను, నడుము కమిలిపోయింది. పరిస్థితి మారితే చెప్పమన్నారు కాబట్టి ఫోన్ చేసి చెప్పాను, పడ్డ తేదీ, టైమూ రాయించాను. దానితో కొంచెం ముందుకి జరిపారనుకుంటా, ఏప్రిల్‌లో ఒక మనిషి వచ్చింది.

వచ్చింది సోషల్ వర్కర్ కాదు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, ఓటీ అంటారు. ఏప్రిల్ 9. ఈ రెండూ వేర్వేరు మనుషులు, వేర్వేరు క్యూలు అని నాకు అప్పటిదాకా తెలియదు. ఓటీ వస్తువుల సంగతి, ఇంటి మార్పుల సంగతి చూస్తుంది, మనుషుల సాయం సోషల్ వర్కర్ చూస్తారు. ఈ అమ్మాయి చేతిలో టేపు పట్టుకుని వచ్చింది. నా మంచం ఎత్తు, టాయిలెట్ ఎత్తు, కుర్చీ ఎత్తు, నా మోకాలి వెనక నుంచి నేల దాకా, అన్నీ కొలిచింది. మెట్లు ఎక్కి చూపించమంది. తర్వాత "మీకోసం మామూలుగా టీ పెట్టుకోండి, నేను చూస్తాను" అంది. వాళ్ళ లెక్కలో టీ అంటే కెటిల్ నొక్కడం, కప్పులో బ్యాగు వేయడం. నేను గిన్నె తీసి, పాలు పోసి, స్టవ్ మీద పెట్టి, మరిగాక రెండు చేతులతో పట్టుకుని వడపోశాను. గిన్నె వణకడం ఆమె చూసింది. "రోజూ ఇలాగేనా?" అని అడిగి ఏదో చాలాసేపు రాసుకుంది. బాత్రూములో టబ్బులో వేసుకున్న ప్లాస్టిక్ స్టూలు, బకెట్, చెంబు చూసి ఎలా చేస్తారో చెప్పమంది. మా ఇంట్లో షవర్ టబ్బు మీదే ఉంది, వేడినీళ్ళు ఎక్కువసేపు పడితే ఎంఎస్ ఉన్నవాళ్ళకి ఒంట్లో బలం జారిపోతుంది, అందుకే కూర్చుని చెంబుతో పోసుకుంటా అని చెప్పాను. ఇదొక వింతగా చూస్తుందేమో అనుకున్నా, చూడలేదు, మంచి పద్ధతే గానీ లోపలికి కాలు ఎత్తి పెట్టడమే ప్రమాదం అంది.

ఆమె వెళ్ళిన పది పదిహేను రోజుల్లో సామాను వచ్చింది: టబ్బు మీద అడ్డంగా వేసే బోర్డు, వంటగదిలో కూర్చుని కూరలు తరుక్కునే వాలు స్టూలు, మంచం పక్క కమోడ్, గోడలకి పట్టుకునే కమ్మీలు, మెట్లకి రెండో వైపు రెయిలింగ్. ఒక్క పైసా తీసుకోలేదు. వాడుకునే సామాను ఉచితం, 1,000 పౌండ్ల లోపు చిన్న చిన్న మార్పులు కూడా ఉచితం, మన ఆదాయంతో సంబంధం లేదు. కమోడ్ చూసి నేను ఏడ్చాను. చిన్ని దాన్ని కనిపించకుండా చీర కప్పి పెట్టింది. ఒక నెలకి అలవాటైపోయింది, రాత్రి పడకుండా ఉంటున్నానంటే దాని వల్లే.

తర్వాత మే, జూన్ ఏమీ లేదు. ఈ ఖాళీలో చేసిన పని ఒకటి చెప్పాలి, చాలా పనికొచ్చింది. ఎంఎస్ నర్సు సలహా మీద రెండు వారాలు డైరీ రాశాను. ఏ పనికి ఎంతసేపు పట్టింది, దాని తర్వాత ఎంతసేపు పడుకోవాల్సి వచ్చింది, ఎవరు సాయం పట్టారు, మంచి రోజా చెడ్డ రోజా. "స్నానం 55 నిమిషాలు, చిన్ని సాయంతో. తర్వాత గంట పడుకున్నా. ఆఫీసు కాల్ మిస్." ఇలా. పరాయివాళ్ళు ఎలా ఉన్నారంటే "బాగానే ఉన్నానండీ" అనడం మనకి రక్తంలో ఉంది, ఎదురుగా మనిషి కూర్చున్నప్పుడు మనం ఎలాగూ అదే అంటాం, కాగితం అలా అనదు.

సోషల్ వర్కర్ జులై 3న వచ్చారు, పొద్దున పదింటికి, రెండున్నర గంటలు కూర్చున్నారు. యాభై దాటిన మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. నాతో పాటు ఇంకెవరినైనా కూర్చోబెట్టుకోవచ్చు అన్నారని మా వీధిలోనే ఉండే స్నేహితురాలిని పిలిచాను. ఇంగ్లిష్ ఇబ్బంది అయితే ఇంటర్‌ప్రెటర్‌ని అడగొచ్చు, ఇంట్లోవాళ్ళ చేతే చెప్పించాల్సిన పని లేదు, అత్తామామల కోసం చేయించేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, కోడలి ముందు మామగారు బాత్రూము సంగతులు చెప్పరు.

నేను ఒక పరీక్షలా ఊహించుకున్నాను, కాదు. మొదటి ప్రశ్నే "మీకు ఏం ముఖ్యం? మీ రోజు ఎలా ఉండాలనుకుంటున్నారు?" అని. నోట మాట రాలేదు నాకు. ఏ డాక్టరూ అడగలేదు ఇది. పొద్దున స్నానం చేసి, దీపం పెట్టుకుని, తొమ్మిదిన్నరకి లాప్‌టాప్ ముందు కూర్చోవాలి అన్నాను. ఆయన దీపం ఎక్కడ పెడతారు, నించునా, కూర్చునా, అగ్గిపుల్ల పట్టుకోగలరా అని అడిగి అదీ రాసుకున్నారు. ఆ తర్వాత ఒక్కోటీ వివరంగా: వండుకుని తినడం, ఒళ్ళు శుభ్రం, టాయిలెట్, బట్టలు వేసుకోవడం, ఇంట్లో ప్రమాదం లేకుండా తిరగడం, ఇల్లు ఉంచుకోవడం, మనుషులతో కలవడం, ఉద్యోగం, బయటికి వెళ్ళిరావడం, పిల్లల బాధ్యత. చట్టంలో ఇలాంటివి పది ఉన్నాయి. జబ్బు వల్లగానీ వైకల్యం వల్లగానీ వీటిలో రెండో అంతకన్నా ఎక్కువో చేసుకోలేకపోతే, దానివల్ల మన బతుకు మీద గట్టి దెబ్బ పడుతుంటే, అర్హత ఉన్నట్టే. చేసుకోలేకపోవడం అంటే అసలు చేయలేకపోవడమే కానక్కర్లేదు, విపరీతమైన నొప్పితో చేసినా, మామూలు కంటే చాలా ఎక్కువ సేపు పట్టినా, చేస్తే ప్రమాదమైనా చేయలేనట్టే లెక్క. ఈ ముక్క తెలియక మనవాళ్ళలో ఎంతమంది "నేను చేసుకోగలను" అని చెప్పి వదిలేసుకున్నారో. నేను డైరీ ఆయన చేతిలో పెట్టాను. చదివి, ఫోటోలు తీసుకున్నారు.

"ఇవన్నీ ఇప్పుడు ఎవరు చేస్తున్నారు?" అంటే చిన్ని అని చెప్పాను. "మీ అమ్మాయి చేస్తున్నది పక్కన పెట్టి, ఆమె లేదనుకునే నేను మీ అవసరాలు రాయాలి" అన్నారు. తర్వాత చిన్నితో విడిగా మాట్లాడతానన్నారు. కేరర్ అసెస్‌మెంట్ అని అదొకటి వేరే ఉంది, చూసుకునేవాళ్ళ కోసం, అది వాళ్ళ హక్కు. పై గదిలో అరగంట మాట్లాడుకున్నారు. దిగి వచ్చాక దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సాయంత్రం అదే చెప్పింది. "ఆయన అడిగారమ్మా, ఇవన్నీ చేయడం నీకు ఇష్టమేనా అని. చేయగలవా అని కాదు, ఇష్టమేనా అని. స్నానం చేయించడం వద్దని చెప్పాను. వంట చేస్తాను, ఫోన్లో ఉంటాను, సెలవుల్లో వస్తాను, స్నానం మాత్రం ఇంకెవరైనా చేయించాలి, నాకు ఎప్పుడూ భయమే, నా చేతుల్లోంచి జారిపోతావేమోనని." పన్నెండేళ్ళ పిల్లగా మొదలుపెట్టింది ఆ పని. ఆ భయం ఆరేళ్ళు లోపలే పెట్టుకుంది. నేను దాన్ని పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఇంట్లో పిల్లలు చూసుకుంటున్న ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఇదొక్కటే, మీకేమీ రాకపోయినా పర్లేదు, ఆ పిల్లల్ని ఆ ప్రశ్న ఎవరైనా అడిగేలా చూడండి.

జులై 21న అసెస్‌మెంట్ కాపీ పోస్టులో వచ్చింది, అర్హత ఉంది అని. కాపీ ఇవ్వడం వాళ్ళ బాధ్యత, రాకపోతే అడగాలి. అక్షరం అక్షరం చదివి తప్పులు దిద్ది పంపాను. సోషల్ వర్కర్ రాసింది వారానికి 13 గంటలు: రోజూ పొద్దున గంట, వంటకి వారంలో రెండుసార్లు గంటన్నర చొప్పున, బట్టలూ శుభ్రం గంట, బయటికి వెళ్ళడానికి రెండు గంటలు. సంతోషపడ్డాను. ఆగస్టు మొదట్లో అది ప్యానెల్‌కి వెళ్ళింది. ప్యానెల్ అంటే మనల్ని ఎప్పుడూ చూడని ఆఫీసర్లు కాగితం మీద బడ్జెట్ చూస్తారు. తిరిగి వచ్చింది 8 గంటలుగా. వంట తీసేశారు, ఫ్రిజ్‌లో పెట్టుకునే రెడీ మీల్ మైక్రోవేవ్‌లో వేడి చేసి ఇస్తే సరిపోతుందట, బయటికి వెళ్ళడం "స్నేహితులు తీసుకెళ్ళగలరు" అట.

నాకు చాలా కోపం వచ్చింది. నేను శాకాహారిని, రోజూ రెండు పూటలా ఆ డబ్బాల్లో పాస్తా తిని బతకమంటే అది తిండి అవసరం తీర్చడం ఎలా అవుతుంది? ఒకసారి కుక్కర్లో పప్పు పెట్టి, రెండు కూరలు చేసి, దోసెల పిండి రుబ్బి పెడితే మూడు రోజులు నేనే వేడి చేసుకు తింటాను, వాళ్ళ మైక్రోవేవ్ మనిషి రోజూ రెండుసార్లు రావడం కన్నా అదే చవక. ఇదే రాశాను ఈమెయిల్లో. ప్రతి కోతకీ, ఆ అవసరం ఇప్పుడు ఎలా తీరుతుందో రాతపూర్వకంగా కారణం ఇవ్వమని అడిగాను. ఎంఎస్ నర్సు ఒక పేజీ ఉత్తరం ఇచ్చింది, సోషల్ వర్కర్ నా తరఫున గట్టిగా నిలబడ్డారు. ఈ మధ్యలోనే ఆగస్టు 14న చిన్ని ఎ-లెవెల్ (మన ఇంటర్ లాంటిది) ఫలితాలు వచ్చాయి, న్యూకాసిల్ సీటు ఖాయం అయింది, ఇంట్లో పాయసం చేసుకున్నాం, నాకు మాత్రం లోపల ఒకటే టెన్షన్. సెప్టెంబరు 5న ఒప్పుకున్నారు: 12 గంటలు. వంట మొత్తం తిరిగి వచ్చింది, బయటికి వెళ్ళడం మాత్రం రెండు వారాలకి ఒకసారి రెండు గంటలు.

ఒప్పుకున్నారు కదా అని మర్నాడే మనిషి రారు. చిన్ని సెప్టెంబరు 20న వెళ్ళింది, కౌన్సిల్ కుదిర్చిన ఏజెన్సీ 29 నుంచి మొదలు. మధ్యలో ఆ వారం నా డబ్బుతోనే పెట్టుకున్నా, గంటకి 26 పౌండ్లు. ఏజెన్సీ వచ్చాక కూడా మొదటి వారాలు కష్టంగానే గడిచాయి. ఏడున్నరకి రావాల్సినవాళ్ళు తొమ్మిదింటికి వస్తారు, రోజుకొక కొత్త మొహం, రోజూ కొత్త మనిషి ముందు బట్టలు విప్పాలి, రోజూ మొదటి నుంచీ చెప్పుకోవాలి. ఆడవాళ్ళే రావాలని నా ప్లాన్‌లో రాసి ఉంది, అయినా ఒకరోజు ఒక అబ్బాయి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. పాపం అతని తప్పేం లేదు, వెనక్కి పంపాను, ఆరోజు స్నానం లేదు. ఏజెన్సీకి రాసి పంపాక మళ్ళీ జరగలేదు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది జింబాబ్వే, నైజీరియా, కేరళ నుంచి వచ్చినవాళ్ళు, ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య పరిగెత్తుతూ ఉంటారు, వాళ్ళ మీద నాకు గౌరవమే. తలుపు పక్క గోడకి కీ సేఫ్ అని చిన్న ఇనుప పెట్టె బిగించారు, నంబరు నొక్కితే లోపల తాళంచెవి. మొదటి రాత్రి దాన్ని తలుచుకుని నిద్రపోలేదు, తర్వాత మెట్ల దగ్గర కూలబడిన రోజున అదే కాపాడింది.

ఇక డబ్బు. ఎన్‌హెచ్ఎస్‌లా, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్యంలా, ఇది ఉచితం కాదు, మనవాళ్ళందరూ ఇక్కడే దెబ్బ తింటారు. చేతిలో పొదుపు 23,250 పౌండ్లు దాటితే మొత్తం ఖర్చు మనదే. 14,250 లోపు ఉంటే పొదుపు ముట్టుకోరు, మధ్యలో ఉంటే ప్రతి 250 పౌండ్లకీ వారానికి ఒక పౌండు ఆదాయం వస్తున్నట్టు లెక్కేస్తారు. మా అమ్మ దగ్గర నుంచి ఫోన్లో అందరూ అడిగింది "ఇల్లు అమ్ముకుంటారా?" అని. ఇంట్లోనే ఉండి సాయం తీసుకుంటున్నప్పుడు మనం ఉంటున్న ఇంటి విలువ లెక్కలోకి రాదు. ఉద్యోగం జీతం కూడా లెక్కలోకి రాదు! ఇది నాకు పెద్ద ఊరట. పిప్ అని వైకల్యం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే భత్యం ఉంది, అందులో బయట తిరగడానికి ఇచ్చే భాగం లెక్కలోకి రాదు, రోజువారీ బతుకుకి ఇచ్చే భాగం, 2025లో నాకు వారానికి 110.40 పౌండ్లు, అది వస్తుంది, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్ కూడా లెక్కలోకి వస్తుంది. ఫారం జులైలోనే నింపాను, బ్యాంకు స్టేట్‌మెంట్లతో సహా. జవాబు అక్టోబరు 2న: వారానికి 68 పౌండ్లు కట్టాలి, సెప్టెంబరు 29 నుంచే.

68 నాకు మోయలేని బరువు. ఉత్తరంలో చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది, వైకల్యం వల్ల అయ్యే అదనపు ఖర్చులు చూపిస్తే తగ్గిస్తామని. ఎవరూ నోరు తెరిచి చెప్పరు అది. రాత్రుళ్ళు చలికి కాళ్ళు బిగుసుకుపోతాయి కాబట్టి ఎక్కువ హీటింగ్, రోజూ దుప్పట్లు ఉతకడం, ప్యాడ్లు, తోట గడ్డి కోయించడం, మెడలో వేసుకునే అలారం నెల చందా, కొట్టు నుంచి బియ్యం పప్పు ఇంటికి తెప్పించుకునే డెలివరీ, అన్నిటికీ బిల్లులు జతచేసి పంపాను. నవంబరు 6న 47 పౌండ్లకి దించారు. తోట ఖర్చు ఒప్పుకోలేదు. ఒకటి చెప్తా, బిల్లులు ఏడాది ముందు నుంచే దాచండి.

ఏజెన్సీతో పడలేక డైరెక్ట్ పేమెంట్ అడిగాను. ఆ గంటల డబ్బు కౌన్సిల్ వాళ్ళు నాలుగు వారాలకొకసారి ఒక విడి బ్యాంకు ఖాతాలో వేస్తారు, నా వాటా నేను అందులోనే వేస్తాను, మనిషిని నేనే పెట్టుకుంటాను. వినడానికి ఎంత బాగుందో చేయడానికి అంత పని. నేను యజమానిని అయిపోయాను: కాంట్రాక్టు రాయాలి, ఇన్సూరెన్సు తీసుకోవాలి, సెలవు రోజులకి జీతం ఇవ్వాలి, చట్టం చెప్పిన కనీస వేతనానికి (2025లో గంటకి 12.21 పౌండ్లు) తగ్గకూడదు. జీతం లెక్కలు చేసే పేరోల్ సర్వీసు ఒకటి ఉంది, దాని ఖర్చూ ఇన్సూరెన్సు ఖర్చూ బడ్జెట్‌లోనే కలిపారు. మన కులం, మన ఊరు అని కాకుండా, నా వంట తెలిసిన మనిషి దొరికితే చాలనుకున్నాను. ఊళ్ళో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ప్రకటన పెట్టగానే ఇండియా నుంచి కూడా మెసేజీలు, "అక్కా స్పాన్సర్ చేస్తారా" అని. వాళ్ళ ఆశ చూసి బాధేసింది. ఒక మనిషి తన ఇంటికోసం వీసా స్పాన్సర్ చేయలేదు, పైగా విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్ వీసా 2025 జులై 22 నుంచి ఆపేశారు. డబ్బు తీసుకుని ఇప్పిస్తామనే వాళ్ళని నమ్మకండి.

చివరికి దొరికింది వరంగల్ నుంచి ఎంఎస్సీ చదవడానికి వచ్చిన ఒక అమ్మాయి. క్లాసులు జరిగే రోజుల్లో స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటలకి మించి పని చేయకూడదు, నాకు కావలసింది 12. ఆమె ఇచ్చిన షేర్ కోడ్‌తో ప్రభుత్వ సైట్లో పని హక్కు చూసుకున్నాను, డీబీఎస్ చెక్ (నేర చరిత్ర ఏమైనా ఉందా అని చూడటం) చేయించాను, నవంబరు 10న మొదలుపెట్టింది. "ఆంటీ, మా అమ్మమ్మకి చేశాను, నాకు వచ్చు" అంది మొదటి రోజు. ఆదివారం తలకి నూనె రాసి తలస్నానం చేయించింది. చాలా నెలల తర్వాత నా జుట్టు పూర్తిగా శుభ్రమైంది. తన దగ్గర నేను సిగ్గుపడలేదు. పరాయి మనిషికి జీతమిచ్చి చేయించుకోవడం తప్పుగా చూసేవాళ్ళు మన చుట్టూ ఉన్నారు, నాకు తెలుసు, మా పిన్ని ఇప్పటికీ "కూతురు ఉండగా" అంటుంది. నేను జవాబు చెప్పడం మానేశాను.

ఇంకొకటి, చాలామంది అడిగారు కాబట్టి. నాకు బ్రిటిష్ పౌరసత్వం ఉంది. వీసా మీద ఉండి, అందులో పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ భత్యాల లాంటివి) లేవని రాసి ఉన్నవాళ్ళు పిప్, యూనివర్సల్ క్రెడిట్ తీసుకోకూడదు. కానీ కౌన్సిల్ సోషల్ కేర్ ఆ పబ్లిక్ ఫండ్స్ జాబితాలో లేదు. వీసా చెల్లుతూ ఉంటే అసెస్‌మెంట్ అడగొచ్చు. భయముంటే ముందు ఇమ్మిగ్రేషన్ సలహాదారుని కనుక్కుని అడగండి, అడగకుండా మాత్రం ఉండకండి.

రివ్యూ ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అన్నారు, డిసెంబరు 9న జరిగింది. కొత్త మనిషి వచ్చారు, మన సోషల్ వర్కర్ అప్పటికే కేసు మూసేశారు, మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. గంటలు అలాగే ఉంచారు. చిన్ని కేరర్ అసెస్‌మెంట్‌కి ఒకసారికి 200 పౌండ్లు ఇచ్చారు, దానితో రైలు టికెట్లు కొనుక్కుంది.

ఇంకా మిగిలింది బాత్రూము. టబ్బు తీసేసి నేల మట్టానికి షవర్ పెట్టాలని ఓటీ ఏప్రిల్‌లోనే రాసింది. దానికి డిసేబుల్డ్ ఫెసిలిటీస్ గ్రాంట్ అని వేరే ఉంది, ఇంగ్లండ్‌లో గరిష్ఠం 30,000 పౌండ్లు, పెద్దవాళ్ళకి ఆదాయం చూస్తారు, ఫారం వేరు, క్యూ వేరు. నాది జనవరిలో మంజూరైంది, ఈ నెల 27న కాంట్రాక్టర్ కొలతలకి వస్తాడు, పని మార్చిలో అంటున్నారు. వరంగల్ అమ్మాయికి పరీక్షలప్పుడు ఇబ్బంది లేకుండా రెండో మనిషిని కూడా వెతుకుతున్నాను. ఆదివారాలు రాగలిగిన ఆడవాళ్ళు కావాలి, తెలుగు రాకపోయినా ఫర్వాలేదు, పప్పు ఎలా పెట్టాలో నేను స్టూలు మీద కూర్చుని చెప్తాను.